పట్నంలో దిగే చోటు

ఆ వేసవి మొత్తం మా ఇంట్లో ఒకటే పంచాయితీ. పట్నం పోతే ఎక్కడ దిగాలి?

పట్నం అంటే హైదరాబాద్. మా జమ్మికుంటలో దాన్ని అసలు పేరుతో పిలిచిన మనిషిని నేను చిన్నప్పుడు చూడలేదు. పత్తి మార్కెట్‌కు పోయే దారిలో బాపుకు, అంటే మా నాన్నకు, బట్టల దుకాణం ఉండేది. సరుకు కోసం అప్పుడప్పుడు పొద్దుటి బండికి పట్నం పోయి మాపటి బండికి తిరిగొచ్చేవాడు. అవ్వ (అమ్మను మేము అలాగే పిలుస్తాం), అన్న, నేను మాత్రం పెళ్ళిళ్ళకు తప్ప ఊరు దాటింది లేదు. సెలవులంటే మా బజారులో మామిడికాయ తొక్కు పెట్టుకోవడం, పరుపుల్లో దూది తీసి ఎండబెట్టుకోవడం. అలాంటిది బాపు దుకాణంలో కూర్చుని వచ్చిన ప్రతి గిరాకీతోనూ, "ఎండకాలం సెలవులు గదా, పిల్లలకు పట్నం చూపెట్టనీకి తీస్కపోతున్న" అని చెప్పడం మొదలుపెట్టాడు. అది కూడా గట్టిగా. బాపు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. రవికె గుడ్డ చింపేటప్పుడు కూడా చప్పుడు కాకుండా చింపేవాడు. అందుకే నాకు అనుమానం వచ్చింది. నాకప్పుడు పద్నాలుగేళ్ళు, అనుమానాలకు అంతకంటే మంచి వయసు లేదు.

అసలు సంగతి మా అన్న. పదిహేడేళ్ళవాడు, ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, అప్పుడప్పుడే గడ్డం మొలుస్తూ ఉండేవాడు. నాకు తెలిసినంతవరకు వాడు చేసిన పెద్ద నేరం నా వంతు మీగడ కూడా తనే తినేయడం. కానీ ఎనభైల చివర మా వైపు మగపిల్లవాడికి ఆ వయసు ఉండటమే ఒక నేరం. కాలేజీలో వాడి పక్కన కూర్చునే పిల్లవాడు ఒకరోజు ఇంట్లోంచి పోయి మళ్ళీ రాలేదు. అన్నల్లో కలిసిండని చెప్పుకున్నారు.

ఆ మాట సంగతి కొంచెం చెప్పాలి. మా దగ్గర "అన్న" అంటే తోడబుట్టినవాడే. కానీ "అన్నలు" అని బహువచనంలో అంటే మాత్రం వేరు. వాళ్ళు అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళు. వాళ్ళ కోసం పోలీసులు, పోలీసుల భయంతో మేము, మేమేం మాట్లాడతామోనని పక్కింటివాళ్ళు చెవులు రిక్కించుకుని ఉండేవాళ్ళం. మా అవ్వకు ఇద్దరు అన్నలు. అయినా బజారులో "మా అన్నలు" అని నోరుజారేది కాదు. "మా తల్లిగారింటోళ్లు" అనేది. చీరల గురించి మాట్లాడుతున్నా సరే, అంత జాగ్రత్త. సొంత అన్నదమ్ములను వరసతో చెప్పుకోలేని ఊరు అదొక్కటే అయ్యుంటుందని నాకు ఇప్పటికీ కోపం.

ఆ పిల్లవాడు పోయాక ఇద్దరు మఫ్టీ పోలీసులు మా దుకాణానికి వచ్చారు. లుంగీలు చూశారు, రంగు బాగాలేదన్నారు, ఆ తర్వాత ఒకాయన తాపీగా అడిగాడు.

"నీ కొడుకు గా పిలగానికి మస్తు సోపతట గదా?"

"ఒక్క బెంచి మీద కూసున్నరు సార్. గంతే."

"ఫికర్ చెయ్యకు. ఒకసారి టేషన్‌కు పంపు, మాట్లాడి పంపిస్తం."

అలా మాట్లాడి పంపించిన పిల్లవాడు మా వెనక బజారులో ఒకడున్నాడు. వాడు చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగేవాడు. బాపు ఆ రోజు అన్నం ముందు కూర్చుని చేయి కడుక్కుని లేచిపోయాడు. మళ్ళీ కబురు రాకముందే అన్నను పట్నంలో డిగ్రీలో చేర్పించి, అక్కడే ఉంచేయాలని అవ్వా తనూ అనుకున్నారు. పిల్లవాడు ఒక్కడే మూట సర్దుకుని పోతే పారిపోయాడంటారు. అందరం కలిసి పోతే సెలవులంటారు. మా కుటుంబం చేసిన మొదటి విహారయాత్రకు కారణం ఇది.

ఇక దిగే చోటు. అవ్వ దృష్టిలో అందులో మాట్లాడుకోవడానికేమీ లేదు. ఆమె ఇద్దరన్నలూ పట్నంలో ఒకే ఇంట్లో ఉంటారు, పెద్దమామ కింద, చిన్నమామ పైన. పెద్దమామ సర్కారు ఆఫీసులో మంచి హోదాలో ఉన్నాడు. చదువైపోయేదాకా మేనల్లుడు వాళ్ళింట్లోనే ఉంటాడని, మా నలుగురికీ కూడా వారం రోజులు అక్కడే మకాం అని ఆమె నిశ్చయం. సంక్రాంతి కాకపోయినా అన్నల కోసం డబ్బా నిండా సకినాలు చేసింది. చేతులు నూనెతో కమిలినా మానలేదు.

మొదట బాపు కూడా సరేనన్నాడు. మధ్యలో సరుకు కోసం ఒకసారి పట్నం పోయి వచ్చాడు. రాగానే కాళ్ళు కడుక్కుంటూ మాట మార్చేశాడు.

"లాడ్జిల దిగుదాం."

అవ్వ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. లాడ్జి అంటే మా ఊళ్ళో మార్కెట్ వెనక ఉన్న రెండంతస్తుల ఇల్లు. పత్తి బేరగాళ్ళు దిగేవాళ్ళు. దాని ముందు నుంచి పోయేటప్పుడు ఆడవాళ్ళు కొంగు సర్దుకుని నడక పెంచేవాళ్ళు.

"ఎదిగిన పిల్లను పట్టుకొని లాడ్జికి పోతమా? నలుగురు ఇంటే ఏమనుకుంటరు? మా అన్నలు సచ్చిండ్రా?"

ఇంట్లో కాబట్టి ఆ మాట అనగలిగింది.

"బామ్మర్దుల ఇంట్ల సామాన్లు దించితే నా ఇజ్జత్ ఏమైతది?" అన్నాడు బాపు.

"ఇన్నేండ్లు సరుకుకు పోయి ఆళ్లింట్ల తిన్నప్పుడు పోలే? గిప్పుడే పోతదా మీ ఇజ్జత్?"

కులపోళ్ళ సత్రం ఒకటుంది కదా, అదైనా చూద్దామని అవ్వ మెట్టు దిగింది. సత్రంలో ఆడవాళ్ళు ఒక హాల్లో, మగవాళ్ళు ఇంకో హాల్లో పడుకోవాలి. ఎవరెవరో వస్తుంటారు, పోతుంటారు, పెద్ద హాల్లో పిల్లవాడి పక్కన ఎవరు పడుకుంటారో తెలియదన్నాడు బాపు. లాడ్జి అయితే ఒక గది, ఒక గొళ్ళెం, నలుగురం కళ్ళ ముందు ఉంటామన్నాడు. అవ్వ సరేనంది గానీ బండెక్కేదాకా ఆయనతో పొడిపొడిగానే మాట్లాడింది. కూర గిన్నె ముందుకు జరపడం తప్ప వడ్డించడం మానేసింది. నేను అవ్వ పక్షం. అన్నింట్లో సర్దుకుపోయే మనిషికి, అన్న ప్రాణం మీదికి వచ్చిన రోజుల్లో ఇంత పంతం ఎందుకని బాపు మీద మండిపడ్డాను. ఆయన ముందు కాదు, వెనకాల. ముందు మాట్లాడే ధైర్యం మా ఇంట్లో ఆడపిల్లలకు లేదు.

సికింద్రాబాద్‌లో దిగి, సిటీ బస్సు పట్టుకుని నాంపల్లి పోయాం. స్టేషన్ ఎదుట లాడ్జిల బోర్డులు వరసగా కనిపించాయి. మొదటిదాంట్లో బల్ల వెనక ఉన్నాయన బాపును చూసి నవ్వాడు, మా ట్రంకు పెట్టెను చూసి నవ్వాడు, అన్నను చూసి నవ్వు ఆపేశాడు.

"ఏ జిల్లా?"

"కరీంనగర్."

"రూములు లేవు."

ఆయన వెనక మేకులకు తాళంచెవులు బోలెడు వేలాడుతున్నాయి. నేను వాటిని చూస్తున్నానని తెలిసి ఆయన పేపరు ఎత్తి పట్టుకున్నాడు. రెండోదాంట్లో బాపు ముందే చెప్పాడు, దుకాణదారుణ్ణి, పిల్లలకు జూ చూపించడానికి వచ్చామని. వాళ్ళు ఓపికగా విని, ఏ జిల్లా అని అడిగి, పైన రంగులు వేయిస్తున్నామన్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది. అన్న ట్రంకు పెట్టె మోస్తూ తల దించుకుని నడుస్తున్నాడు, బరువుకు కాదు. మూడోదాని ముందు బాపు మమ్మల్ని ఆపి, చెమట తుడుచుకుని మెల్లగా అన్నాడు.

"ఎవలడిగినా మెదక్ జిల్లా అనుండ్రి. సిద్దిపేట."

"సొంత ఊరు గూడ చెప్పుకోవద్దా?" అన్నాను.

"జర నోరు మూస్కో బిడ్డా," అన్నాడు. ఆయన గొంతులో విసుగు లేదు, వేడుకోలు ఉంది. అది విని నిజంగానే నోరు మూసుకున్నాను.

సిద్దిపేట అనగానే గది దొరికింది. రెండు మంచాలు, నలిగిన పరుపులు, బజారులోకి ఒక కిటికీ. నీళ్ళ గది వరండా చివర అందరికీ కలిపి ఒకటే. దాని తలుపుకు గొళ్ళెం సరిగ్గా పడేది కాదు. నేను లోపలికి పోతే అవ్వ తలుపుకు వీపు ఆనించి నిలబడేది. పక్క గదిలో పేకాడే మగవాళ్ళు తలలు బయట పెట్టి చూసేవాళ్ళు. అవ్వ తన చీర ఒకటి కిటికీకి కట్టేసింది. సకినాల డబ్బా మంచం కిందికి తోసింది. మేనమామల ఇల్లు అదే ఊళ్ళో ఉండగా మేము ఆ చీర చాటున బతకడం ఆమెకు ఎంత నామోషీగా ఉందో, ఆ డబ్బా తోసిన తీరులోనే తెలిసింది.

అయినా అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒక రోజు మాత్రం బాగుంది. జూకు పోయాం. అన్న ఒక కోతి ముందు నిలబడి దాని చేష్టలన్నీ చేసి చూపించాడు. అది కోపంతో వీడి మీదికి ఉమ్మింది. చాలా నెలల తర్వాత వాడు నవ్వడం చూశాను. అవ్వ కూడా నవ్వి, తను నవ్వినట్టు బాపుకు తెలియకూడదని పక్కకు తిరిగింది. చార్మినార్ దగ్గర నాకు గాజులు కొన్నారు. ఇక్కడ ఎవడూ మనల్ని పట్టించుకోడు బాపూ, ఈ ఊరు మంచిగుంది అన్నాడు అన్న. బాపు ముఖంలోకి వెలుగు వచ్చింది.

మర్నాడు వాడికి గది వెతకడానికి తిరిగాం. మేనమామల ఇంట్లో ఉంచకూడదా అని అవ్వ అడుగుతూనే ఉంది, బాపు విననట్టు నడుస్తూనే ఉన్నాడు. కాలేజీలకు దగ్గరగా ఉన్న బజార్లలో "గది అద్దెకు ఇవ్వబడును" అన్న అట్టముక్క కనిపించిన ప్రతి గేటూ తట్టాం. ఒక ఇంటావిడ మాకు మంచినీళ్ళు ఇచ్చింది, నా జడ మెచ్చుకుంది, అన్న ఏ గ్రూపు తీసుకుంటాడని అడిగింది. చివరికి ఆ ప్రశ్న కూడా వచ్చింది. అన్నకు కాలేజీ కాగితాలు అవసరం, అక్కడ అబద్ధం చెల్లదు కాబట్టి బాపు నిజమే చెప్పాడు.

"కరీంనగర్ జిల్లా పిల్లలకు ఇవ్వటం లేదండీ," అంది ఆవిడ. "ఏమీ అనుకోకండి. మీ అబ్బాయి బుద్ధిమంతుడేనని చూస్తేనే తెలుస్తోంది. కానీ పోలీసులొస్తారు. మాకూ పిల్లలున్నారు కదా."

ఆవిడ మర్యాదగా చెప్పింది. అందుకే ఎక్కువ బాధేసింది. కసిరి ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనేసేదాన్ని. బయటికి వచ్చాక అన్న అన్నాడు, "మన జిల్లాకేమన్న రోగమొచ్చిందా బాపూ?" బాపు వాడి భుజం మీద చేయి వేసి, ఇంకో బజారు చూద్దాం నడువు అన్నాడు. ఇంకో బజారులోనూ అదే జరిగింది.

ఆ తర్వాతి రోజు పొద్దున మేము సాలార్‌జంగ్ మ్యూజియం పోదామని తయారవుతున్నాం. అవ్వ నా జడ అల్లుతోంది. వరండాలో బూట్ల చప్పుడు, తలుపులు కొట్టిన చప్పుడు వినిపించాయి. పోలీసులు లాడ్జి సోదా చేస్తున్నారు. మా గదికి ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. ఎస్సై వయసులో చిన్నవాడే. ఆడవాళ్ళను చూసి టోపీ తీసి పట్టుకున్నాడు కూడా.

"ఎక్కడి నుంచి వచ్చారు?"

"సిద్దిపేట సార్," అన్నాడు బాపు.

ఎస్సై అన్నను కింది నుంచి పైదాకా చూశాడు. వాడి చెప్పులు చూశాడు. తర్వాత అవ్వ వైపు తిరిగాడు. ఆయన అడిగిన ప్రశ్న మామూలుదే.

"ఏమ్మా, ఇంత పెద్ద సిటీలో మీకు చుట్టాలెవరూ లేరా? ఎదిగిన పిల్లల్ని పెట్టుకుని లాడ్జిలో దిగారేంటి?"

ఆ మాట అవ్వకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అన్ని రోజులుగా ఆమె బాపును అడుగుతున్నది అదే. పరాయి మనిషి నోట వినేసరికి ఆమెకు తల్లిగారింటి పౌరుషం పొడుచుకొచ్చింది. ఊళ్ళో అయితే నాలుక కరుచుకునేది. ఇది పట్నం, ఇక్కడ మాటకు ఒకటే అర్థం ఉంటుందనుకుంది.

"ఎందుకు లేరు సార్? మా అన్నలున్నరు. ఇద్దరున్నరు. మాకేం తక్కువ? నా కొడుకును మా అన్నలే చూసుకుంటరు. ఆళ్ల దగ్గర దించి పోదామనే వచ్చినం."

కానిస్టేబుళ్ళలో ఒకాయన మా వైపు మనిషే కావచ్చు, ఎస్సై కంటే ముందు ఆయనే తల ఎత్తాడు.

"ఏ అన్నలమ్మా?" అన్నాడు.

అవ్వకు అప్పుడు అర్థమైంది. ఆమె చేతిలో నా జడ సగం అల్లి ఉంది, వేళ్ళు చల్లబడిపోవడం నా మెడకు తెలిసింది. "సొంత అన్నలు సార్! తోడబుట్టినోళ్లు! పెద్దన్న సర్కారు కొలువు చేస్తడు," అంటూ గబగబా చెప్పింది. ఎంత చెబితే అంత దాస్తున్నట్టు ఉంది. చివరికి ఆయన ఇంట్లో ఫోనుందని, నంబరు నోటికొచ్చని, చేసి అడగండని అంది. ఎస్సైకి అది సబబుగానే తోచింది. అందరం కిందికి దిగాం. మేనేజరు బల్ల మీది నల్ల ఫోను ఎస్సై ముందుకు తోశాడు. అవ్వ నంబరు చెబుతుంటే ఆమె గొంతు నిలకడగా ఉంది. తన పెద్దన్న పేరు చెబితే చాలు, గండం గడిచినట్టే అనుకుంది పాపం.

బాపు ఒక్కడే వద్దన్నట్టు చేయి ఎత్తాడు. "సార్, ఆయనను ఎందుకు పరేషాన్ చేసుడు..." అన్నాడు. ఎస్సై అప్పటికే డయల్ చేస్తున్నాడు.

మాకు ఇటు మాటలు మాత్రమే వినిపించాయి.

"మీ చెల్లెలు ఇక్కడ లాడ్జిలో ఉన్నారు. అవును, మీ చెల్లెలేనా? సరే. ఏ ఊరు ఆవిడది?... జమ్మికుంటా?" ఎస్సై బాపు వైపు చూశాడు. బాపు నేల చూశాడు. "అబ్బాయి కూడా ఉన్నాడు. మీ దగ్గర ఉంచడానికే తీసుకొచ్చామంటున్నారు... అలాగా. మీకు తెలియదా?... మేనల్లుడే కదండీ... ఓహో. వాడి సంగతి మీకేమీ తెలియదు. మీకు సంబంధం లేదు. సరే, సరే. స్టేషన్‌కి తీసుకెళ్తున్నాం, మీకు చెప్పాలని."

ఎస్సై ఫోను పెట్టేశాడు. అవ్వ ఎస్సైని చూడలేదు, అన్నను చూడలేదు. మెల్లగా బాపు వైపు తిరిగింది.

"మీకెరుకనా?"

బాపు తల ఊపాడు.

"ఎప్పటిసంది?"

"సరుకుకు వచ్చినప్పుడే పోయి అడిగిన," అన్నాడు బాపు. "మీరు ముగ్గురు రాండ్రి బావా, పిలగాన్ని మాత్రం తేకుండ్రి, నా నౌకరికి ఎసరొస్తది అన్నడు. నీకెట్ల చెప్పాలె?"

నా కళ్ళ ముందు ఆ నెలరోజులూ తిరిగాయి. అవ్వ జరిపిన కూర గిన్నెలు, ఆమె అన్న మాటలు, వాటన్నింటి కింద తల వంచుకుని అన్నం తిన్న బాపు. ఆమెకు అన్నల మీద ఉన్న గర్వం పోకూడదని ఆ మనిషి పంతగాడి పేరు మోశాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ముందే చెప్పి ఉంటే అవ్వ ఆ మాట అనేదే కాదు కదా! మంచితనం కూడా ఒక్కోసారి ఇంత పని చేస్తుందని ఆ రోజే తెలిసింది. కానీ ఆయనను తప్పు పట్టడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు.

అన్నను జీపు ఎక్కమన్నారు. ఎవరూ పిలవకుండానే అవ్వ కూడా ఎక్కి వాడి పక్కన కూర్చుంది. దిగమ్మా అన్నారు. ఆమె కడ్డీ పట్టుకుని కూర్చుంది, దిగలేదు. చివరికి అలాగే తీసుకుపోయారు. బాపూ నేనూ వెనక ఆటోలో పోయాం. నా జడ ఇంకా సగమే అల్లి ఉంది.

స్టేషన్ ముందు అరుగు మీద కూర్చున్నాం. అన్నను లోపలి గదిలోకి పంపి, అవ్వను బయటికి తెచ్చారు. ఎండ పెరిగింది. లోపలి నుంచి ఏ చప్పుడు వచ్చినా అవ్వ లేచి నిలబడేది. చాలాసేపటి తర్వాత ఆమె రోడ్డు అవతలికి చూస్తూ ఉండిపోయింది. నేను కూడా చూశాను. పాన్ డబ్బా పక్కన స్కూటర్ ఆపుకుని పెద్దమామ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మడిచిన పేపరు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. మమ్మల్ని చూశాడు. రోడ్డు దాటలేదు. బాపు లేవబోతే అవ్వ ఆయన చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

మధ్యాహ్నం దాటాక అన్నను పంపించారు. ఎస్సై గుమ్మం దాకా వచ్చి, ఏమీ లేదు, తీసుకెళ్ళండి, ఈసారి ఊరి పేరు తప్పు చెప్పకండి అన్నాడు. అన్న నడవగలుగుతున్నాడు, ముందు అది చూసుకున్నాం. ఎడమ చెంప ఎర్రగా వాచింది. అవ్వ ముట్టుకోబోతే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇంకేం చేశారని బాపు అడిగాడు.

"ఏం జెయ్యలే. ఒకటే మాట అడిగిండ్రు. మీ మేనమామే నిన్ను ఎరుకలేదంటుండు, మరి నువ్వెవనివిరా అని. మల్ల మల్ల గదే."

అప్పుడు పెద్దమామ రోడ్డు దాటి వచ్చాడు. మనిషి వణుకుతున్నాడు, అది నటన కాదు. అవ్వ చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏం జెయ్యాలె చెల్లే, కొలువు పోతే మేం గూడ రోడ్డున పడుతం. అయిందేదో అయింది. ఇగ ఫికర్ లేదు, వాళ్లే ఇడిచిపెట్టిండ్రు గదా. నడువుండ్రి ఇంటికి. మీ వదిన అన్నం వండింది. పిలగాడు గూడ మా దగ్గర్నే ఉంటడు, నేను జూసుకుంట."

మేము బజార్లన్నీ తిరిగి, ఊరి పేరు మార్చుకుని వెతికిన చోటు ఎదురుగా నిలబడి రమ్మంటోంది. బాపు ముఖంలో ఆశ కనిపించింది, నేను చూశాను. పిల్లవాడు బతికితే చాలు, అవమానానిదేముంది? అవ్వ అవునని గానీ కాదని గానీ అనకుండా అన్న వైపు చూసింది. నిర్ణయం వాడికే వదిలేసింది.

అన్న ముందు మామకు దండం పెట్టాడు. వాడి గొంతులో కోపం లేదు. నేనైతే ఆ పేపరు లాక్కుని చింపేసేదాన్ని.

"వద్దు మామా. మేం జమ్మికుంటకే పోతం. ఆడ నన్ను పట్కపోయెటోళ్లు ఉన్నరు గని, ఎరుకలేదనెటోళ్లు లేరు."

అవ్వ తన చేయి ఆయన చేతుల్లోంచి మెల్లగా తీసుకుని అన్న పక్కకు నడిచింది. లాడ్జికి పోయి సామాను సర్దుకున్నాం. కిటికీకి కట్టిన చీర విప్పి మడత పెడుతూ అవ్వ ఏడ్చింది, శబ్దం లేకుండా. బాపు ఆమె చేతిలోంచి చీర తీసుకుని తనే మడిచి పెట్టెలో పెట్టాడు.

మాపటి బండికి స్టేషన్‌లో జనం ఎక్కువగా ఉన్నారు. బాపు టికెట్ కిటికీ ముందు నిలబడి చాలాసేపు లోపలికి చూస్తూ ఉండిపోయాడు. వెనకవాళ్ళు తోస్తున్నారు. లోపలాయన విసుక్కుని, ఎక్కడికి, ఎన్ని అని రెండుసార్లు అడిగాడు.

"జమ్మికుంటకు, నాలుగు," అన్నాడు బాపు. ఆ నాలుగో టికెట్ కొనకూడదనే మేము పట్నం వచ్చింది.